చెంచమ్మ మట్టిముద్ద

దయ్యాలున్నాయని నమ్ముతారా అని నేను కొన్ని వందల మందిని అడిగాను. అడగడమే నా పని. ఎదుటివాళ్ళ నమ్మకాలు రాసుకోవడం, వాటికి నంబర్లు వేయడం, పట్టికలో సర్దడం. నన్ను మాత్రం ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే నవ్వేదాన్ని. నమ్మకం వాళ్ళది, రాత నాది అన్నట్టు ఉండేది నా లెక్క.

నేను మానవశాస్త్రం చదువుకున్నాను. ఇప్పుడు నెల్లూరులో ఒక కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. పెళ్ళి చేసుకోలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు నన్ను బాగా చదువుకున్న మనిషిగా, మంచి మనిషిగా అనుకుంటారు. ఇది చదివాక ఆ రెండో మాట వెనక్కి తీసుకుంటారని తెలిసే రాస్తున్నాను.

మాది బుచ్చిరెడ్డిపాలెం దగ్గర వరి పండించే కుటుంబం. నా చిన్నప్పుడు మా పొలంలో ఎలుకలు పట్టడానికి యానాదులు వచ్చేవాళ్ళు. కుండలో పొగ పెట్టి బొరియలోకి ఊదేవాళ్ళు. ఎలుకతో పాటు అది బొరియలో దాచుకున్న వడ్లు కూడా వాళ్ళకే. ఎండలో పనిచేసి దాహమని వస్తే మా నాయనమ్మ చెంబు ఎత్తి పైనుంచి నీళ్ళు పోసేది. వాళ్ళు వంగి దోసిలి పట్టుకుని తాగేవాళ్ళు. అది తప్పని నాకు కాలేజీకి వెళ్ళాక తెలిసింది. తెలిసిన తర్వాత వాళ్ళ మీదే పరిశోధన చేద్దామనుకున్నాను. ఎంత ఉదారమో చూడండి.

సూళ్లూరుపేట నుంచి ఆటోలో ముప్పావు గంట వెళితే, పులికాట్ అంచున ఒక యానాది కాలనీ ఉంది. పేరు చెప్పను. పాతిక గడపలుంటాయి. నీళ్ళలో దిగి చేతులతో బురద తడిమి రొయ్యలు పట్టడం వాళ్ళ జీవనం. పట్టిన రొయ్యను వేసుకోవడానికి తాటాకు బుట్టను పళ్ళతో కరిచిపట్టుకుంటారు. రెండు చేతులూ వేటకు కావాలి కదా మరి.

నాకు అక్కడ దొరికిన మనిషి చెంచమ్మ. డెబ్బై దాటిన ముసలామె. ఏ ఆకు ఏ నొప్పికో, ఏ చావుకు ఏం చేయాలో ఆమెకు తెలిసినంత కాలనీలో ఇంకెవరికీ తెలియదు. మాటకు ముందే నవ్వు వచ్చేది. నన్ను "అమ్మణ్ణీ" అనేది. రెండేళ్ళు ఆమె పక్కన రికార్డర్ పెట్టుకుని కూర్చున్నాను.

"రాసుకో అమ్మణ్ణీ, రాసుకో. నేను చెప్పింది కొంచెం, నువ్వు రాసుకునేది కొండంత," అని వెక్కిరించేది.

ఆమె కొడుకు పెంచలయ్య. నలభై దాటినవాడు, మాట తక్కువ. అతని కుడిచేతికి ఉంగరపు వేలు లేదు. చిన్నప్పుడు నూర్పిడి మిషన్‌లో పడి తెగిపోయింది. ఎక్కడ అని అడిగితే మా బుచ్చి వైపే ఒక రైతు పొలంలో అన్నాడు. ఏ రైతు అంటే నవ్వి ఊరుకున్నాడు. నేను కూడా గట్టిగా అడగలేదు. వినాల్సి వస్తుందేమోనని నా భయం. పెంచలయ్య భార్య రమణమ్మ నన్ను "అక్కా" అని పిలిచేది. నేను వెళ్ళినప్పుడల్లా చేపల పులుసు పెట్టేది.

నా పరిశోధన అంతా చావు కర్మల మీద. అన్ని అధ్యాయాలూ అయ్యాయి, ఒకటి తప్ప. మనిషి పోయిన కొన్నాళ్ళకు ఆ కుటుంబాల్లో పెద్దదినం చేస్తారు. చెంచమ్మ నాకు దాని గురించి గంటలకొద్దీ చెప్పింది. కానీ నా గైడు ఒప్పుకోలేదు. "చూడకుండా రాస్తే అది వినికిడి అవుతుందమ్మా. ఒక్క పెద్దదినమైనా కళ్ళతో చూసి రాయండి," అన్నారాయన.

ఆ రెండేళ్ళలో కాలనీలో పెద్దవాళ్ళెవరూ పోలేదు. సంతోషించాల్సిన సంగతి. నాకు మాత్రం చిరాకు వేసేది. ఆ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత చెంచమ్మకు దగ్గు పట్టుకుంది. నెల తిరిగేసరికి మంచం దిగలేకపోయింది. పెంచలయ్య ఒక మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చి నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకుపోదామా, అక్కడ నాకు తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగాడు. ఉన్నారు. మా మేనమామ కొడుకే అక్కడ డాక్టరు. నేను మాత్రం, ఈ వయసులో అంత దూరం తిప్పడం ఎందుకు పెంచలయ్యా, ఆమె ఓపలేదు, ఇంట్లోనే బాగా చూసుకో అన్నాను.

అది అబద్ధమని చెప్పలేను. డాక్టర్లు కూడా అదే మాట అనేవాళ్ళేమో. కానీ ఆ మాట అన్నప్పుడు నా మనసులో ఉన్నది ఆమె వయసు కాదు.

చెంచమ్మకు తెలిసిపోయింది. మర్నాడు నేను మంచం పక్కన కూర్చుంటే నా చెయ్యి పట్టుకుంది.

"నా కోసరమే కాసుకోనుండావు గదా అమ్మణ్ణీ. ఉండు, ఎక్కువ రోజులు పట్టదులే." దగ్గు తెర వచ్చి తగ్గాక మళ్ళీ అంది. "ఒకటే అడగతా ఉండా. వచ్చినదానివి సగంలో లేచి పోబాక. ముద్ద కరిగిందాకా చూసి పో."

పద్దెనిమిది రోజులకు పోయింది.

పెద్దదినం నాడు చేసేది ఇదీ. ఇంటి ముందు మట్టితో చిన్న అరుగు వేస్తారు. నీటి అంచున గుంట తీసి నల్లటి బంకమట్టి తెస్తారు. పెద్దకొడుకు ఆ మట్టిని కుడిచేత్తో గట్టిగా పిసికి, పిడికిలి గుర్తు చెదరకుండా అరుగు మీద నిలబెడతాడు. అప్పటినుంచి ఆ ముద్దే పోయిన మనిషి. దాని ముందు దీపం పెట్టి అన్నం పెడతారు. అందరూ తిన్నాక కొడుకు దాన్ని దోసిట్లో పట్టుకెళ్ళి నీళ్ళలో వదులుతాడు. పూర్తిగా కరిగేదాకా నిలబడి చూస్తారు. కరిగితే ఆ మనిషి వెళ్ళిపోయినట్టు. కరక్కపోతే వెళ్ళడానికి దారి ఉండదు, నీళ్ళలోనే నిలబడి ఉంటుందని చెంచమ్మ చెప్పింది. ఇంకోమాట కూడా చెప్పింది. ఎవరి ముద్దను వాళ్ళు కరిగించుకోలేరు. అయినవాళ్ళే కరిగించాలి.

నాకు ఆ ముద్ద కావాలనిపించింది. ఫొటోలు అందరూ తీస్తారు, వస్తువు తెచ్చేవాళ్ళు తక్కువ. ముందురోజే పెంచలయ్యను అడిగాను. గాజుపెట్టెలో పెట్టి మీ అమ్మ పేరు రాస్తాం, నూరేళ్ళయినా ఉంటుంది అని ఆశపెట్టాను.

అతనికి కోపం రాలేదు. నన్ను చూసి జాలిపడినట్టు అనిపించింది. "ఉండగూడదు మేడం. అది కరగాల. కరక్కపోతే మాయమ్మ యాడికి పోతాది?"

మర్నాడు అతను పిసికిన ముద్ద అరుగు మీద నిలబడింది. ఒక పక్క బొటనవేలి పల్లం, ఇంకో పక్క మూడు వేళ్ళ గుర్తులు. మధ్య వేలికీ చిటికెన వేలికీ నడుమ, తెగిన వేలు ఉండాల్సిన చోట మట్టి ఉబ్బి ఉంది. అలాంటి గుర్తు ఇంకో మనిషి చెయ్యి వేయలేదు.

అందరూ ఇంటి వెనక నీడలో భోజనాలకు కూర్చున్నారు. నేను తిన్నానని చెప్పి ఇంటి ముందే ఉండిపోయాను. నా సంచిలో స్టీలు టిఫిన్ డబ్బా ఉంది. పొద్దున లాడ్జిలో పెరుగన్నం తిని కడిగిన డబ్బా. పిసకగా మిగిలిన మట్టి అరుగు పక్కనే కుప్పగా ఉంది. ఒక పిడికెడు తీసుకుని నేను పిసికాను. అరుగు మీదున్నది డబ్బాలోకి, నాది అరుగు మీదకి. దీపం కదలకుండా జాగ్రత్తపడ్డాను కూడా. మొత్తం నిమిషం పట్టలేదు.

పెంచలయ్య వచ్చి నా ముద్దను దోసిట్లోకి తీసుకున్నాడు. ఒక్కసారి చూసి ఉంటే నాలుగు వేళ్ళ గుర్తు కనపడేది. చూడలేదు. ఏడుస్తున్నాడు. నీళ్ళ దాకా అలాగే నడిచాడు. నీళ్ళలో పెట్టగానే ముద్ద అంచులు విడిపోయి కాసేపట్లో కరిగిపోయింది. ఎన్ని నిమిషాలకు కరిగిందో నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ముద్ద కరిగిందాకా చూసి పొమ్మని కదా చెంచమ్మ అడిగింది. చూసే వచ్చాను.

ఆ సాయంత్రం లాడ్జిలో డబ్బాలోని ముద్దకు స్కేలు పక్కన పెట్టి అన్ని వైపులా ఫొటోలు తీశాను. అవి నా సిద్ధాంత గ్రంథంలో ఒక పేజీ నిండా ఉన్నాయి. మూడు వేళ్ళు, ఒక బొటనవేలు. ఇది వాళ్ళే ఇచ్చారా అని గైడు అడిగితే ఇచ్చారని చెప్పాను. డిపార్టుమెంటులో పెట్టడానికి చోటు దొరకలేదు. డబ్బా నెల్లూరులో మా ఇంటి బీరువాలోకి చేరింది. తాళం నా దగ్గరే ఉంటుంది.

నాలుగు రోజుల్లో ఎండి బీటలిస్తుందనుకున్నాను. ఎండలేదు. నెల తర్వాత చూసినా వేలు ఆనిస్తే తడి అంటింది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ కార్తెలో కూడా ముద్ద మీద వెంట్రుకంత బీట లేదు. మా యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం చెప్పే ఆయన్ని మాటవరసకు అడిగితే, ఉప్పు నేల మట్టి గాలిలోని తేమ లాక్కుంటుంది, అందులో వింతేముంది అన్నారు. నాకు కూడా సబబుగానే తోచింది.

డాక్టరేటు వచ్చింది, ఉద్యోగం వచ్చింది. ఒకరోజు మధ్యాహ్నం స్టాఫ్ రూము బయట పెంచలయ్య నిలబడి ఉన్నాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. సగమయ్యాడు మనిషి. చేతిలో కవరు, నాకోసం ఎండురొయ్యలు.

"మాయమ్మ పోలా మేడం," అన్నాడు. "వేటకు దిగితే ఆడనే ఉంటాది. నడుము లోతు నీళ్ళల్లో, ఈపు నా వైపు పెట్టుకోని. నేను దగ్గరికి పోయేకొద్దీ లోపలికి పోతాది. పిలిస్తే పలకదు. మొగం చూపీదు."

ఎన్నాళ్ళనుంచి అని అడిగాను. పెద్దదినం మర్నాటి నుంచీ అన్నాడు.

"యాడనో తప్పు చేసినాం. మాకు చెప్పేదానికి పెద్దోళ్ళు ఎవురుండారు? తెలిసింది ఆమెకే, ఆమే పాయె. నువ్వు అంతా రాసుకోనుండావు గదా. పుస్తకంలో చూసి చెప్పు మేడం, యాడ తప్పు చేసినామో. మళ్ళా చేస్తాను."

ఎవరి కర్మకాండలో తప్పెక్కడుందో వాళ్ళే వచ్చి నన్ను అడుగుతున్నారు. నా పుస్తకంలో ఉందని నమ్మి వచ్చారు. నిజానికి ఉంది కూడా, ఫొటోతో సహా.

లోపలికి వెళ్ళి పుస్తకం తెచ్చాను. అధ్యాయం తీసి మొదటినుంచీ చదివి వినిపించాను. అరుగు, దీపం, అన్నం. ఒక్కోదానికీ అతను తలూపుతున్నాడు. ఫొటోలున్న చోటికి రాగానే రెండు పేజీలు కలిపి తిప్పేశాను. చివరిదాకా చదివి, "తప్పేం లేదు పెంచలయ్యా. అన్నీ సరిగ్గా చేశావు," అన్నాను.

చెప్పేయవచ్చు. ఇంటికి తీసుకెళ్ళి బీరువా తెరిచి డబ్బా చేతిలో పెడితే సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయేవాడు. ఆరోజే కరిగిపోయేది. కానీ అప్పటికి ఉద్యోగంలో చేరి మూడు నెలలు కాలేదు. విషయం బయటపడితే ఏమవుతుందోనని భయం. సిగ్గు కూడా. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను అడుసు తొక్కి, కాలు కడుక్కోకుండా దాచుకున్నాను.

పెంచలయ్య పుస్తకాన్ని కళ్ళకద్దుకుని నా చేతికిచ్చాడు. వెళ్ళిపోయాడు. ఆ ఎండురొయ్యలు వంకాయలో వేసి వండుకుని తిన్నాను. బాగున్నాయి.

ఇరవై రోజుల తర్వాత రమణమ్మ ఫోన్ చేసింది. పెంచలయ్య నీళ్ళలో పడి చనిపోయాడు. పదేళ్ళ వయసు నుంచి ఆ నీళ్ళలోనే బతికినవాడు, మోకాలి లోతులో, పట్టపగలు.

మూడోనాడు వెళ్ళాను. వేటలో పక్కన ఉన్నవాళ్ళు చెప్పారు, "అమా, ఉండుమా, ఒక్క నిమిషం ఉండుమా" అంటూ బుట్ట వదిలేసి గబగబా పోయాడట. బోర్లా పడ్డాడట. వీళ్ళు చేరేసరికి అయిపోయింది.

రమణమ్మ ఏడవడం లేదు. మామూలు గొంతుతో చెప్పింది.

"కుడిచెయ్యి మూసుకోనే ఉండాది అక్కా. ఇద్దరు పట్టి ఇప్పినారు. లోపల మట్టిముద్ద. మూడు వేళ్ళ గురుతు, బొటనేలు. మాయత్త పెద్దదినం నాడు పిసికినాడు చూడు, అచ్చం అదే మాదిరి. నీళ్ళల్లో ఏస్తే కరిగిపోయింది. అప్పుటి నుంచీ ఆమె ఎవురికీ కనపళ్ళా."

మునిగిపోయేవాడు చేతికి దొరికినదాన్ని పట్టుకుంటాడు. పులికాట్ అడుగున దొరికేది మట్టే. అతను పిడికిలి మూస్తే పడేది మూడువేళ్ళ గుర్తే. బస్సులో నెల్లూరు దాకా ఇదే చెప్పుకుంటూ వచ్చాను.

ఇంటికి రాగానే బీరువా తెరిచాను. తాళం అప్పటిదాకా వేసినట్టే ఉంది. డబ్బా మూత తీశాను.

ముద్ద ఉంది. దాని మీద నాలుగు వేళ్ళ గుర్తులున్నాయి.

గ్రంథంలో ఫొటో తీసి పక్కన పెట్టుకున్నాను. ఫొటోలో మూడు, చేతిలో నాలుగు. నా చిటికెన వేలు కొంచెం లోపలికి వంకర. ముద్ద మీద నాలుగో గుర్తు కూడా అలాగే వంకర తిరిగి ఉంది. కుడిచెయ్యి పెట్టి చూశాను. వేళ్ళు వాటంతటవే వాటి చోట్లలో కూర్చున్నాయి. నేను పిసికిన ఆ ముద్ద పెద్దదినం నాడు కరగడం కళ్ళారా చూశాను. ఎన్ని నిమిషాలకో రాసుకున్నాను కూడా.

ఆరోజు కంగారులో నేనే తారుమారు చేసి నాదే తెచ్చుకున్నానేమో అనుకున్నాను. అలా అయితే ఫొటోలో మూడు ఎలా వచ్చాయి? యూనివర్సిటీకి వెళ్ళి లైబ్రరీలో ఉన్న ప్రతి కూడా చూశాను. అందులోనూ మూడే.

పెంచలయ్య పెద్దదినం అయిపోయాక డబ్బా పట్టుకుని వెళ్ళాను. ముందు కాలనీకి వెళ్ళలేదు. ఎవరూ లేని చోట నీళ్ళలో దిగి ముద్దను నేనే వదిలాను. గంట నిలబడ్డాను. చుట్టూ నీళ్ళు తేటగా ఉన్నాయి. ముద్ద అంచు కూడా చెదరలేదు. తీసి మళ్ళీ డబ్బాలో పెట్టుకున్నాను.

రమణమ్మ ఇంటి ముందు రొయ్యలు ఏరుతోంది. కింద కూర్చుని అంతా చెప్పాను. ఆసుపత్రి మాట, డబ్బా మాట, పుస్తకంలో కలిపి తిప్పిన రెండు పేజీల మాట. ఆమె చేతులు ఆగలేదు. చెప్పడం అయ్యాక చెయ్యి చాపి డబ్బా తీసుకుని చూసింది.

"ఇది నీదే," అంది.

ఎలా అడిగానో తెలియదు, నువ్వు కరిగిస్తావా అని అడిగాను. నాకు అయినవాళ్ళెవరూ లేరు, నువ్వు నన్ను అక్కా అని పిలిచేదానివి కదా అన్నాను.

రమణమ్మ డబ్బా మూతపెట్టి నా ముందు ఉంచింది.

"మాయత్త ముద్ద నువ్వు కరిగించినావా?"

నేను డబ్బాను ఒళ్ళోకి తీసుకున్నాను.

"ఆయన నీకాడికి వచ్చినప్పుడు ఒక్క మాట చెప్పుంటే సరిపొయ్యేది గదా మేడం. ఒక్క మాట. మనిషి ఉండేవాడు."

దాహమేసి నీళ్ళడిగాను. లోపలినుంచి చెంబు తెచ్చింది. నేను చెయ్యి చాపితే చేతికివ్వలేదు. పైకెత్తింది. నేను వంగి దోసిలి పట్టాను. ఉన్న నీళ్ళన్నీ పోసింది.

అది జరిగి ఏడాది దాటింది. డబ్బా బీరువాలోనే ఉంది. ఇంకెక్కడ పెట్టాలో నాకు తోచలేదు.

పోయిన వారం, పొద్దున పదిన్నర ప్రాంతంలో, క్లాసులో హాజరు తీసుకుంటుంటే ఫోన్ మోగింది. రమణమ్మ. ఏడాదిలో ఒక్కసారి కూడా చేయని మనిషి. బయటికొచ్చి ఎత్తాను.

"మేడం, నువ్వు బాగుండావా? బతికే ఉండావా?"

బతికే ఉన్నాను రమణమ్మా, ఏమయిందన్నాను.

వెనక ఆడవాళ్ళ గొంతులు, నీళ్ళ చప్పుడు వినిపిస్తున్నాయి.

"ఏం లేదు. తెల్లారినప్పటినుంచీ నీళ్ళల్లో నిలబడుకోనుండావు. ఈపు మా వైపు పెట్టుకోని. బుజాన సంచి ఏసుకోని. పిలిస్తే పలకవే." ఆమె గొంతులో కోపం లేదు, జాలి కూడా లేదు. "మా వాళ్ళు వేటకు దిగాల. నువ్వా పక్కకి పో."

ఫోన్ పెట్టేసింది. నేను క్లాసులోకి వెళ్ళి మిగిలిన పేర్లు చదివాను. పిల్లలు పలికారు. నేను ఆ గదిలోనే ఉన్నానని అరవై మంది చెప్పగలరు. ఇంటికి వచ్చి డబ్బా తీసి చూశాను. ముద్ద తడిగానే ఉంది. ఇదంతా ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. అక్కడినుంచి పక్కకు ఎలా పోవాలో కూడా తెలియదు.